కలుపుకు నీళ్లు పోసిన జ్ఞానమ్మ

బాపట్ల శివారులో పైర్ల మీద పరిశోధనలు చేసే పొలం ఒకటుంది. అక్కడ జ్ఞానమ్మకు అప్పగించిన పని కలుపు మొక్కలకు నీళ్లు పోయడం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు తనకే చెవులు సరిగా వినపడలేదనుకుంది.

"కలుపు తియ్యాలా అమ్మాయిగారూ?" అని మళ్లీ అడిగింది.

"తియ్యకూడదు పెద్దమ్మా. పెంచాలి. ఎండిపోకుండా చూసుకోవాలి. మొక్కజొన్నని దాటి ఎత్తు పెరగకుండా పైన కత్తెరతో కత్తిరిస్తుండాలి. అంతే," అంది సాయి ప్రియ. ఆ అమ్మాయి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. సొంతూరు రేపల్లె. ఉండేది బాపట్లలో హాస్టల్లో.

ఆ సాయంత్రం కర్లపాలెం బస్సులో కిటికీ పక్కన కూర్చుని జ్ఞానమ్మ తనలో తనే నవ్వుకుంది. బతుకంతా కలుపు పీకిన మనిషిని పిలిచి కలుపు పెంచమంటున్నారు. ఇంత నవ్వొచ్చే సంగతి ఎవరితోనైనా చెప్పుకుంటేనే బాగుంటుంది. బస్సు దిగింది. సందులోకి నడిచింది. తాళం తీసి లోపలికి వెళ్లి లైటు వేసింది. అప్పటికి నవ్వు పోయింది.

జ్ఞానమ్మది కర్లపాలెం పక్కన పల్లె. భర్త సామ్యేలు పెళ్లయిన కొన్నాళ్లకే కామెర్లొచ్చి పోయాడు. పిల్లలు కలగలేదు. తమ్ముడు వచ్చి తమ ఊరు రమ్మన్నాడు గానీ ఆమె కదల్లేదు. "నా ముఠా ఇక్కడుంటే నేనెక్కడికి రానురా?" అంది. ముఠా అంటే ఆమెతో కలిసి కలుపు కూలికి వెళ్లే ఆడవాళ్లు. వాళ్లకు పనులు మాట్లాడేది, పొద్దున్నే ఇళ్ల ముందు నిలబడి కేకేసి లేపేది జ్ఞానమ్మే.

చేలో దిగాక అందరూ ఒకరి పక్కన ఒకరు వరసగా వంగి, ఆ వరస చెదరకుండా ముందుకు జరుగుతూ కలుపు తీస్తారు. ఆ వరసను మునుం అంటారు. మునుంలో ఎవరి చోటు వాళ్లకుంటుంది. జ్ఞానమ్మ పక్క చోటు గౌస్ బీది. పెళ్లయి ఈ ఊరొచ్చిన ఏడాది నుంచీ ఇద్దరూ పక్కపక్కనే వంగి పనిచేశారు. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. గౌస్ బీ మాటల పుట్ట. చేతులు ఊదగడ్డిని, తుంగని లాగి పడేస్తూనే ఉండేవి, నోరు అత్తగారి సంగతి నుంచి ఎదురింటి కోడిపెట్ట దాకా అన్నీ తిరిగొచ్చేది. విని నవ్వుకుంటూ పోతుంటే చేను అయిపోయిన సంగతి గట్టు తగిలితే గానీ తెలిసేది కాదు. జ్ఞానమ్మకు పని వేరు, మాట వేరు అని ఎప్పుడూ అనిపించలేదు. రెండూ కలిసే చేతుల్లోకి వచ్చేవి.

ఆ మునుం చెదిరిపోవడానికి మొదలు ఎక్కడంటే, బసవేశ్వరరావు చేను దగ్గరే అని జ్ఞానమ్మ అనుకునేది.

బసవేశ్వరరావుది రేపల్లె వైపు ఊరు. వరి కోసిన మాగాణిలో మొక్కజొన్న వేసేవాడు. ఏటా ఆటో పంపి ఈ ముఠానే పిలిపించుకునేవాడు. ఒక ఏడు మాత్రం ఆలస్యంగా పిలిచాడు. "కలుపు ఇంకా చిన్నదే గదా, మొక్కని ముంచేంత ఏముంది, కాస్త ఎదగనిచ్చి ఒకేసారి తీయిద్దాం," అనుకున్నాడట. వీళ్లు వెళ్లేసరికి సాళ్ల మధ్య మట్టి కనపడటం లేదు. నడుములు పడిపోయేలా తీశారు. ఒక్క పోచ మిగల్చకుండా, వేళ్లతో సహా తీసి గట్టు మీద కుప్పలు పోశారు. చేను అద్దంలా ఉందని బసవేశ్వరరావే అన్నాడు.

కానీ పంట దిగలేదు. కండెలు బక్కగా వచ్చాయి, కొసల్లో గింజ పట్టలేదు. మరుసటి ఏడు పని అడగడానికి జ్ఞానమ్మ, గౌస్ బీ వెళితే, కాలవ గట్టు మీద పదిమందీ చూస్తుండగా అనేశాడు.

"పైపైన తుంచి పోయారమ్మా మీరు. వేళ్లన్నీ లోపలే వదిలేశారు. మీ చేతులే నా చేను తినేసినయ్యి."

గౌస్ బీ గొంతు పెంచి వాదించింది. జ్ఞానమ్మ ఏమీ అనలేకపోయింది. వేళ్లు వదల్లేదని ఆమెకు తెలుసు. చేను పండలేదన్నదీ నిజమే. ఆ రెండిటికీ మధ్య ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తెలియకుండా ఏమని చెప్పాలి?

ఆ ఏడు బసవేశ్వరరావు కలుపు మందు కొట్టించాడు. వీపుకు డబ్బా తగిలించుకుని ఒక్క మనిషి వచ్చి టిఫిన్ల వేళకల్లా పని ముగించుకుని వెళ్లాడు. తర్వాత ఆ పక్క రైతు, ఆ పైన కర్లపాలెం రైతులు, చివరికి సొంత ఊరివాళ్లు కూడా మందుకే తిరిగారు. మునుంలో ఒక్కో చోటూ ఖాళీ అయింది. కొందరు రొయ్యలు ఒలిచే షెడ్లకు పోయారు. కొందరు మంచాన పడ్డారు, కొందరు కన్నుమూశారు. గౌస్ బీని కూతురు రిహానా తెనాలి తీసుకుపోయింది. రిహానా అక్కడ బ్లౌజులు కుడుతుంది.

మొదట్లో వదినలిద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారు. తర్వాత గౌస్ బీకి వినికిడి తగ్గింది. జ్ఞానమ్మ ఇక్కడ అరుస్తుంటే అవతల "ఆఁ? ఆఁ?" అనడమే మిగిలింది. ఆపైన రిహానానే ఫోనెత్తి "అమ్మ బాగానే ఉందత్తా" అని పెట్టేసేది. అలా ఫోన్లు కూడా పలచబడ్డాయి.

అలాంటి రోజుల్లోనే ఈ పరిశోధన పొలంలో చేరింది. ఇక్కడ పని తేలికే. పెద్ద తొట్టి మధ్యలో ఒక కుండీ, కుండీలో మొక్కజొన్న మొలక. చుట్టూ తొట్టిలో వేరే మట్టి, ఆ మట్టిలో ఊద, ముళ్లతోటకూర, గడ్డీగాదం. కుండీ గోడ అడ్డం కాబట్టి వీటి వేళ్లు వాటికి తగలవు. నీళ్లు దేనివి దానికి విడిగా పోయాలి. ఎరువూ అంతే. కొన్ని తొట్లలో మాత్రం కలుపే ఉండదు, మొక్కజొన్న చుట్టూ వట్టి మట్టే. సాయి ప్రియ పొద్దున వచ్చి కొలతలు తీసుకుని ల్యాబుకు వెళ్లిపోయేది. ఆ తర్వాత సాయంత్రం దాకా జ్ఞానమ్మ, తొట్లు, మోటారు షెడ్డు. మధ్యాహ్నం షెడ్డు నీడలో క్యారేజీ విప్పుకుని తినేది. దూరంగా రైలు వెళుతున్న చప్పుడు వినిపించేది. కొన్ని రోజులు సాయంత్రం బస్సు కండక్టరుతో "కర్లపాలెం" అన్నదే ఆ రోజుకు ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అయ్యేది.

ఒకరోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. సాయి ప్రియ దగ్గర వెలుగును కొలిచే మీటరు ఒకటుంది. ఎండ తేటగా ఉంటే గానీ దానితో పని జరగదు. మబ్బు విడిచేదాకా ఆగాలని ఆ అమ్మాయి తొట్ల పక్కనే రాతి మీద కూర్చుంది.

"పెద్దమ్మా, మీరు కలుపుకు వెళ్లే రోజుల్లో ఎట్లా ఉండేదండీ?" అని అడిగింది ఊరికే.

ఎన్ని నెలల తర్వాతో ఒక మనిషి తన ఎదురుగా కూర్చుని అడిగిన మాట అది. జ్ఞానమ్మ రెండు వరసల తొట్ల మధ్య గొంతుక్కూర్చుని మొదలుపెట్టింది. తెల్లారగట్ల ఇంటింటి ముందూ కేకేసి లేపడం చెప్పింది. ఒకసారి గౌస్ బీ చీరలోకి తొండ దూరితే మునుం మొత్తం కకావికలైన సంగతి చెప్పింది. సాయి ప్రియ పగలబడి నవ్వింది. ఆ నవ్వు వింటే ఇంకా చెప్పాలనిపించింది. మాట్లాడుతూ జ్ఞానమ్మ కూర్చున్న చోటు నుంచి కొద్దికొద్దిగా ముందుకు జరిగింది. ఇంకా చెప్పింది, ఇంకా జరిగింది. వరస చివరికి వచ్చేసరికి మబ్బు విడిచి ఎండ కాసింది. సాయి ప్రియ మీటరు తీసుకుని లేచింది.

"పెద్దమ్మా! ఏంటిది?"

ఆ వరసలో ఒక్క తొట్టిలోనూ కలుపు లేదు. పీకి, వేళ్లకంటిన మట్టి దులిపి, ఒక్కో తొట్టి పక్కనా చిన్న చిన్న కుప్పలు పెట్టి ఉంది. చాలా శుభ్రమైన పని.

జ్ఞానమ్మ తన చేతుల వంక చూసుకుంది. గోళ్ల నిండా తడి మట్టి. "నేను పీకలేదు తల్లీ," అని నోటి వెంట వచ్చేసింది. వెంటనే ఒక కుప్పలోంచి ఊద దుబ్బు తీసి మళ్లీ మట్టిలో గుచ్చబోయింది. "నాటేస్తా. ఇప్పుడే నీళ్లు పోస్తే బతుకుద్ది. చూడు, వేళ్లు తెగలా."

"వద్దు పెద్దమ్మా. వదిలెయ్యండి. ఇక లెక్కకు రావు," అంది సాయి ప్రియ. గట్టిగా అరవలేదు. అవతలకు వెళ్లి వాళ్ల సారుకి ఫోన్ చేసింది. ఆ వరస మొత్తం మళ్లీ మొదటి నుంచి వేయాలి. పని అంత వెనక్కి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆ అమ్మాయి పని మాటలే మాట్లాడింది. నీళ్లు పోశారా, కత్తిరించారా, అంతే. జ్ఞానమ్మకు అంతకు ముందున్న ఒంటరితనం వేరు, ఇది వేరు అనిపించింది. అప్పుడు మాట్లాడే మనిషి లేక మాట లేదు. ఇప్పుడు మనిషి ఎదురుగా ఉంది, మాట లేదు. ఒక పొద్దున మోటారు షెడ్డు తాళంచెవి తెచ్చి సాయి ప్రియ చేతిలో పెట్టింది.

"నా చేతులు మంచియ్యి కావమ్మా. ఇంకెవర్నన్నా పెట్టుకోండి."

"నేనూ మీ ఎదురుగానే కూర్చున్నాగా పెద్దమ్మా. చూళ్లేదు. మీటరు ఒళ్లో పెట్టుకుని కథలు వింటున్నా," అంది సాయి ప్రియ. తాళంచెవి తిరిగి ఇచ్చేసింది. "మీకు ఈ పని ఏంటో నేను సరిగ్గా చెప్పనే లేదు. అది నా తప్పు."

అప్పుడు జ్ఞానమ్మ, వచ్చిన రోజు నుంచీ మనసులో ఉన్నది అడిగింది. "వేళ్లు తగలవు. నీళ్లు దేనివి దానియ్యి. నీడ పడకుండా నేను కత్తిరిస్తానే ఉన్నా. ఇంక ఈ కలుపు ఆ మొక్కనేం చేసిద్దమ్మా?"

సాయి ప్రియ ఆమెను ఒక తొట్టి దగ్గరకు తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎండలో ఎర్ర వెలుగు ఉంటది పెద్దమ్మా. ఆకులు దాన్ని లోపలికి తీసేసుకుంటాయి, దానితోనే తిండి చేసుకుంటాయి. దాని పక్కనే ఇంకో వెలుగు ఉంటది, మన కంటికి ఆనదు. అది ఆకుకి అక్కర్లేదు, చాలావరకు బయటికే కొట్టేసిద్ది. ఇప్పుడు ఈ కలుపాకుల మీద పడ్డ ఎండలో ఎరుపు వాటిలోకి పోయింది. ఆ కనపడని వెలుగు తిరిగొచ్చి పక్కనున్న మొక్కజొన్న మీద పడుతుంది. ఎరుపు తగ్గి ఇది ఎక్కువైతే మొక్కకి తెలిసిపోద్ది, పక్కన ఇంకో పచ్చటి మొక్క ఉందని. ఇంకా నీడ పడకముందే తెలిసిపోద్ది."

"తెలిస్తే?"

"రేపు నీడ కమ్మేసిద్దేమోనని పైకి సాగుద్ది. కాడ పొడుగ్గా, సన్నగా అవుద్ది. ఉన్న బలం అటు పెడితే వేరుకి తగ్గుద్దిగా. వేరు సరిగ్గా ఊనదు."

జ్ఞానమ్మ ఆ మొలకను, పక్కనున్న ఊదను మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్లు రెండిటి మధ్యా కూర్చుంది. ఆ రెండిటి మధ్యా ఇంత జరుగుతోందని ఒక్కనాడూ అనుకోలేదు.

పాడైన వరసను సాయి ప్రియ పారేయలేదు. లెక్కకు రాకపోయినా ఏమవుతాయో చూద్దామని ఒక మూలకు సర్దించింది. కలుపు పోయింది కాబట్టి ఇక ఏపుగా పెరగాల్సినవి అవి. జ్ఞానమ్మ రోజూ నీళ్లు పోస్తూ వాటినే చూసేది. ఎంత చూసినా మొదటి నుంచీ కలుపు ఎరగని తొట్లలోని మొక్కల సాటికి రాలేదు. కాడలు సన్నగానే ఉన్నాయి. కండెలు పడే వేళకు తేడా ఇంకా తెలిసిపోయింది.

"చుట్టూ మొత్తం పీకేశా గదమ్మా. ఇంకా ఎందుకట్టా ఉన్నయ్యి?"

"మీరు పీకేనాటికే చిన్నప్పుడు పడాల్సిన దెబ్బ పడిపోయింది పెద్దమ్మా. తర్వాత తీసినా పూర్తిగా కోలుకోదు."

నీళ్ల డబ్బా జ్ఞానమ్మ చేతిలోనే ఉండిపోయింది. "అయితే అమ్మాయ్, ఒక చేలో కలుపు బాగా ముదిరినాక మేమెళ్లి తీశామనుకో. వేళ్లతో సహా తీశాం. అయినా కండె బక్కగా వచ్చింది. మరి అది..."

బసవేశ్వరరావు చేను సంగతి మొత్తం చెప్పింది. కాలవ గట్టు మీద అతనన్న మాట కూడా చెప్పింది. ఆ మాటను పైకి చెప్పడం అదే మొదటిసారి.

సాయి ప్రియ మీటరు పక్కన పెట్టింది. "ఆ చేను నేను చూళ్లేదు. వెలుగు ఒక్కటే కారణమని నేననలేను. నీళ్లూ, ఎరువూ కూడా కలుపు తినేసుంటది. కానీ ఒకటి చెప్తాను పెద్దమ్మా. అంత ఆలస్యంగా పిలిచాక మీరెంత శుభ్రంగా తీసినా పంట తగ్గుద్ది. అది మీ చేతుల్లో లేదు."

ఆ మధ్యాహ్నం జ్ఞానమ్మ క్యారేజీ విప్పలేదు. ఇన్నాళ్లకు జవాబు దొరికింది. చెప్పాలి. ఎవరికి? మునుంలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకుంది. రొయ్యల షెడ్డుకు పోయినవాళ్లకు ఆ ముచ్చట ఏం పట్టింది? కన్నుమూసినవాళ్లకు చెప్పేదేముంది? మిగిలింది ఆ రోజు తనతో గట్టు మీద నిలబడిన మనిషి ఒక్కతే.

వదినను చూసొస్తానని సాయి ప్రియతో చెప్పి, ఆదివారం చర్చికి వెళ్లకుండా బాపట్లలో రైలెక్కి తెనాలి వెళ్లింది.

రిహానా ఇల్లు మేడ మీద. కింద మెట్ల దగ్గరే కుట్టు మిషను చప్పుడు వినిపించింది. గౌస్ బీ కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. జ్ఞానమ్మను చూసి మొదట కళ్లు చిట్లించింది. తర్వాత "వదినా!" అని రెండు చేతులూ చాపింది. ఇద్దరూ కాసేపు ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు.

జ్ఞానమ్మ ఆగలేకపోయింది. "మన తప్పు కాదంట వదినా! బసవేశ్వరరావు చేలో మనం వేళ్లు వదల్లా. ఆయనే ఆలస్యంగా పిలిచాడు. మొక్కకి కలుపు ముందే తెలిసిపోద్దంట, వెలుగులో!" అని గట్టిగా చెప్పింది. గౌస్ బీ నవ్వుతూ తలూపింది. వినపడలేదు. రిహానా మిషను ఆపి వచ్చి, తల్లి చెవి దగ్గర నోరు పెట్టి ఉర్దూలో మొత్తం చెప్పింది. వెలుగు సంగతి రిహానాకే సరిగా అర్థం కాలేదు. బసవేశ్వరరావు పేరు మాత్రం రెండు మూడు సార్లు గట్టిగా అంది.

గౌస్ బీ మొహం విప్పారింది. "రేపల్లె వైపాయనా? మంచోడు. మజ్జిగ పోయించేవాడు గదా. కరేపాకు వేసి, చల్లగా."

"మజ్జిగ గాదు వదినా. మనల్ని మాటన్నాడే, గట్టు మీద. నువ్వు కొట్లాడావు గదా ఆయనతో."

రిహానా ఆ మాట కూడా చెవిలో చెప్పింది. గౌస్ బీ గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. కిటికీలోంచి బయటకు చూసింది, నుదురు ముడిచింది. చివరికి చెయ్యి అడ్డంగా ఊపింది. "నేనా? ఏమో వదినా. ఎంతమందితో కొట్లాడానో."

"అమ్మకి పాత సంగతులే బాగా గుర్తుంటాయత్తా," అంది రిహానా మెల్లగా. "ఇది గుర్తులేదంటే అప్పుడే వదిలేసిందేమో."

ఇన్నేళ్లూ ఆ మాటను ఇద్దరూ మోస్తున్నారనుకుంది జ్ఞానమ్మ. గౌస్ బీ ఏ రోజు దాన్ని దించుకుందో, ఏ రోజు నుంచి తను ఒక్కతే మోసిందో తెలియదు. రిహానా కోడిగుడ్ల కూరతో అన్నం పెట్టింది. గౌస్ బీ తన పళ్లెంలోని గుడ్డు తీసి జ్ఞానమ్మ పళ్లెంలో వేసింది. ఎండ తగ్గేదాకా కిటికీ దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. ఏదో ఒకటి చెప్పాలని జ్ఞానమ్మకు అనిపించలేదు. కింద రోడ్డు మీద అరటిపళ్ల బండివాడు వెళుతుంటే గౌస్ బీ వేలితో చూపించింది. జ్ఞానమ్మ చూసింది.

తెనాలి స్టేషన్‌కు వచ్చేసరికి రేపల్లె వెళ్లే రైలు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. జ్ఞానమ్మ ఒక పెట్టె తలుపు దగ్గర ఆగింది. రేపల్లెలో దిగి ఆటో ఎక్కితే బసవేశ్వరరావు ఊరు. అతను ఉన్నాడో లేడో. ఉంటే మజ్జిగ పోయిస్తాడేమో. అతనూ మర్చిపోయి ఉంటే? "ఎవరమ్మా నువ్వు?" అంటే, మొదటి నుంచి మొత్తం చెప్పుకోవాలి, ఏ మాట అన్నాడో కూడా తనే గుర్తు చేయాలి. లోపలినుంచి ఎవరో "ఎక్కుతారా అమ్మా?" అని అడిగారు. "లేదండి," అని పక్కకు జరిగింది. రైలు కదిలి వెళ్లిపోయాక అవతలి ప్లాట్‌ఫాం మీదకు నడిచి బాపట్ల రైలు కోసం నిలబడింది.

సోమవారం సాయి ప్రియ స్కూటీ దిగుతూనే అడిగింది. "వదినగారేమన్నారు పెద్దమ్మా?"

"బాగానే ఉంది తల్లీ. తన పళ్లెంలో గుడ్డు నాకు పెట్టింది," అంది జ్ఞానమ్మ.

కొత్త పంట కాలం రాగానే మళ్లీ వేసిన వరసలో మొక్కజొన్న అప్పుడే రెండాకులు వేసింది. ఇద్దరూ కలిసి చుట్టూ ఊద విత్తనాలు చల్లారు. ఆ పంట కాలం పూర్తయ్యాక మొక్కల్ని పీకి, తొట్టి నీళ్లలో వేళ్లు కడిగి, వరసలుగా నేల మీద పరిచారు. కలుపు పక్కన పెరిగినవాటి వేళ్లు పిడికెడు కూడా లేవు. మరుసటి ఏడాది సాయి ప్రియ చదువు ముగించుకుని వేరే జిల్లాలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. పండగలకు ఫోన్ చేస్తుంటుంది. ఆమె చోటులో కొత్త అమ్మాయి వచ్చింది, పేరు జెన్నిఫర్. వేరే పైరు, వేరే కొలతలు. జ్ఞానమ్మ మాత్రం అక్కడే పని చేస్తోంది. నెలకొకసారి ఆదివారం తెనాలి వెళుతుంది. రిహానా ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, సాయంత్రం రైలుకు తిరిగి వస్తుంది.